నాలుగు వేళ్లు తక్కువపడ్డ బెల్టు: పాప కారు సీటు డైరీ

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్న జనగామలో పెళ్లి చూసుకొని హన్మకొండ వస్తుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక ఒక ట్రాక్టర్ చెప్పాపెట్టకుండా హైవే ఎక్కింది. మా ఆయన బ్రేకు కొట్టారు. కారు ఆగింది, దేనికీ తాకలేదు. కానీ అత్తమ్మ ఒళ్లో ఉన్న మా పాప చిన్ని ముందు సీటుకు నుదురు కొట్టుకుంది. గోలీకాయంత బొప్పి. ఇంటికొచ్చేసరికి ఏడుపు మానేసి నవ్వుతోంది గానీ, అత్తమ్మ మాత్రం రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "గట్టిగనే పట్టుకున్న బిడ్డా, ఎట్ల జారిందో ఏమో" అని ఒకటే మాట.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కాబట్టి రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. కారు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకొని అర మీటరులో ఆగిందనుకుందాం. త్వరణం సుమారు 193 మీ/సె², అంటే గురుత్వానికి ఇరవై రెట్లు. చిన్ని బరువు 9.4 కిలోలు. ఆ క్షణంలో దాన్ని పట్టుకోవాలంటే చేతుల మీద పడేది 185 కిలోల భారం. నలభై కిలోల వడ్ల బస్తాలు నాలుగున్నర. పొద్దున లేవంగనే ఈ లెక్క అత్తమ్మకు చెప్పాను. ఆమె తప్పేం లేదని చెప్పడానికే. "అయితే ఎవరు పట్టుకున్నా ఆగదన్నట్టు" అంది, కొంచెం తేలికపడి.

సీటు కొనాలి. అదీ వెనక్కి తిరిగి కూర్చునేది. పసిపిల్లల్లో తల పొడవే ఒంటిలో నాలుగో వంతు దాకా ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా సగం మృదులాస్థి. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, గుద్దుకున్నప్పుడు పట్టీలు ఒంటిని ఆపుతాయి, తల ఒక్కటీ ముందుకు పోతుంది, ఆ బరువంతా మెడ మీదికి వస్తుంది. వెనక్కి తిప్పితే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి.

ఫిబ్రవరి 13, గురువారం

ఆన్‌లైన్‌లో తెప్పించిన సీటు వచ్చింది. ఐసోఫిక్స్ రకం. వెనక రెండు ఇనుప కొండ్లు ఉంటాయి, అవి కారు సీటు సందులోని రెండు కడ్డీలకు టక్కున పట్టుకోవాలి. కడ్డీల మధ్య దూరం 28 సెంటీమీటర్లు. ప్రపంచమంతా అదే కొలత.

మా కారు 2013 మోడల్ హాచ్‌బ్యాక్. వెనక సీటు సందులో ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్లు పెట్టి వెతికాను. దొరికినవి: ఎండిపోయిన బత్తాయి తొక్క, రెండు రూపాయల బిళ్ల, మేడారం పోయొచ్చినప్పటి బెల్లం ముక్క ఒకటి, దాని చుట్టూ చీమలు. కడ్డీలు మాత్రం లేవు. సీటు కొనేముందు చెయ్యాల్సిన పని కొన్నాక చేశాను. సీటు వాపస్ పంపాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

హైదరాబాద్ నుంచి అన్నయ్య వస్తూ వదిన వాళ్ల బాబు సీటు తెచ్చిచ్చాడు. బెల్టుతో కట్టే రకం, వెనక్కీ ముందుకీ రెండు విధాలా పెట్టుకోవచ్చు. వాడిన సీటు తీసుకోవాలంటే చూడాల్సినవి చూశాను. కారుకు ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా అని వదినను ఫోన్‌లో రెండుసార్లు అడిగాను (రెండోసారి అడిగినందుకు కొంచెం నొచ్చుకుంది). డొప్పలో పగుళ్లు లేవు, పట్టీలు ఎక్కడా తెగలేదు, బకిల్ నొక్కితే గట్టిగా శబ్దం చేస్తూ ఊడుతోంది. తయారైన తేదీ 2020, అడుగున అచ్చువేసిన గడువు ఇంకా ఉంది. మాన్యువల్ పోయింది, కంపెనీ సైటులో దొరికితే చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను.

నారింజ రంగు లేబుల్ మీద ఈసీఈ ఆర్44/04 అని ఉంది, పిల్లల సీట్లకు ఐరోపా వాళ్ల భద్రతా నిబంధన పేరు అది. వెనక్కి తిప్పి 13 కిలోల దాకా, ముందుకు తిప్పి 9 నుంచి 18 కిలోల దాకా. ఇక్కడే ఇంట్లో తకరారు మొదలైంది. ఆయన లేబుల్ చదివి, "తొమ్మిది దాటింది కదా, ముందుకే పెడదాం, అది చూసుకుంటూ కూర్చుంటది" అన్నారు. లేబుల్ ప్రకారం తప్పు కాదు. కానీ అది పాత నిబంధన. దాని తర్వాత 2013లో వచ్చిన ఆర్129లో 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పనే కూడదని రాశారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో వయసు లెక్కే తీసేసి, సీటు ఎంత ఎత్తు, ఎంత బరువు దాకా ఒప్పుకుంటే అంతదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ల పిల్లలు కూడా వెనక్కి తిరిగే కూర్చుంటారు. అక్కడ 1960లలో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన వ్యోమగాములు రాకెట్‌లో వీపు ఆన్చి పడుకునే తీరు చూసి ఈ సీటు ఆలోచన చేశాడు.

"తొమ్మిది దాటితే తిప్పొచ్చు అని ఉంది, తిప్పాలె అని లేదు" అన్నాను. ఆయన లేబుల్ ఇంకోసారి చదివి ఊరుకున్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ రోజు నాలుగు గంటలు పోయినయి, పని కాలేదు.

ముందు ఎక్కడ పెట్టాలన్నది. మామయ్య ముందు సీట్లో పెట్టమన్నారు, పక్కనే ఉంటే పాప భయపడదని. మా కారుకు ముందు ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ ఉంది, దాన్ని ఆపే మీట లేదు. వెనక్కి తిప్పిన సీటు డొప్ప సరిగ్గా ఆ బ్యాగ్ ముందే ఉంటుంది. బ్యాగ్ పేలితే డొప్పతో సహా పిల్ల తలను కొడుతుంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. వెనక ఎడమవైపు ఖాయం చేశాం, దింపేటప్పుడు రోడ్డు అంచు వైపు ఉంటుందని.

ఇక బెల్టు. ఈ సీటుకు రెండు దారులున్నాయి. నీలం రంగు గుర్తులు వెనక్కి తిప్పినప్పుడు, ఎరుపు గుర్తులు ముందుకు తిప్పినప్పుడు. నీలం దారిలో నడుము బెల్టు పాప కాళ్లు పెట్టే వైపు రెండు కొక్కేల కింద నుంచి పోవాలి, భుజం బెల్టు డొప్ప వీపు చుట్టూ తిరిగి వెనక కొక్కెంలో పడాలి. చాలా పెద్ద చుట్టు. మనిషి పెట్టుకునే బెల్టు కన్నా ఎంతో పొడవు పడుతుంది.

బెల్టు లాగాను. ఇంకా లాగాను. లోపలి చుట్ట అయిపోయి ఠక్కుమని ఆగింది. బకిల్‌కూ బెల్టు నాలుకకూ మధ్య నాలుగు వేళ్ల సందు. ఊపిరి బిగబట్టి, మోకాలు పెట్టి, సీటును పక్కకు వంచి, ఏం చేసినా నాలుగు వేళ్లే. అవతలి వైపు చూశాను, అదీ అంతే.

మామయ్య చూస్తూ నిలబడ్డారు. ఇరవై ఏడేళ్లు ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. "గా ముక్కకు ఇంకో బెల్టు ముక్క అతికిస్తరట గదా, అమ్ముతరు" అన్నారు. బెల్టు పొడవు పెంచే ఆ ముక్కలను పిల్లల సీటుకు వాడొద్దని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. బకిల్ తప్పుడు చోటికి వస్తుంది, ఆ ముక్క ఏ పరీక్షకు నిలిచిందో ఎవరికీ తెలియదు. చీకటి పడింది. సీటు మళ్లీ వరండాలోకి. చిన్ని అందులో దాని బొమ్మను కూర్చోబెట్టింది, ఎరుపు గుర్తుల వైపు.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

కాలేజీ సెలవు. వేయిస్తంభాల గుడి వైపు పోయే ధైర్యం లేదు, ఆ లైనులో పిల్లతో నిలబడలేం. పొద్దున్నే మళ్లీ కారు దగ్గరికి.

ఈసారి మామయ్యే కనిపెట్టారు. బకిల్ కోసం చెయ్యి పెట్టి, మణికట్టు దాకా సందులో పోనిచ్చి, "ఇదేంది, బాయిల పడ్డట్టు లోపలున్నది" అన్నారు. నిజమే. కారు కొన్న వారంలోనే రెక్సిన్ సీటు కవర్లు వేయించాం, లోపల రెండు వేళ్ల మందం స్పాంజితో. దాని మీద అత్తమ్మ మడతపెట్టి పరిచిన తువ్వాల. ఈ పన్నెండేళ్లలో వెనక కూర్చున్న వాళ్లెవరూ బెల్టు పెట్టుకోలేదు కాబట్టి, బకిల్ స్పాంజి కింద కూరుకుపోయిందని ఎవరికీ తెలియనే లేదు.

కవరు విప్పడం మామయ్య పని. సీటు అడుగున ఇనుప కొక్కేలు, ఎలాస్టిక్ తాళ్లు, ఎక్కడో దర్జీ వేసిన ముడి. కత్తెర అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ముడి పళ్లతో పట్టి మరీ విప్పారు. "పైసలు పెట్టి కుట్టిచ్చిండ్రు, కోసుడెందుకు." కవరు లేచేసరికి అసలు సీటు బయటపడింది, బూడిద రంగు గుడ్డ, కొత్తదాని లాగే. బకిల్ రెండూ పైకి లేచి నిలబడ్డాయి.

సీటు పెట్టాను. కింద స్పాంజి పోయింది, వెనక స్పాంజి పోయింది కాబట్టి పాప కాళ్ల వైపు అంచు కారు సీటుకు పూర్తిగా ఆనింది. బెల్టు చుట్టాను. టక్. ఇంకా మూడు వేళ్ల బెల్టు మిగిలింది. నేను కారులోనే కూర్చొని కాసేపు ఏం మాట్లాడలేదు.

ఒకటి మాత్రం గమనించాను. బకిల్ ఎక్కువ పైకి వచ్చినా చిక్కే. అది నీలం కొక్కెం అంచు మీద వంగి పడితే గుద్దుకున్నప్పుడు ఆ అంచే దాన్ని విరగ్గొట్టొచ్చు. మాది కొక్కేనికి రెండు వేళ్ల కిందే ఆగింది. పర్లేదు.

మార్చి 2, ఆదివారం

బెల్టు చాలింది గానీ సీటు ఊగుతోంది. ఫోన్‌లో చూసిన అమెరికా వీడియోల్లో బెల్టును చివరిదాకా లాగి వదిలితే టిక్ టిక్ అంటూ వెనక్కి పోయి బిగుసుకుంటుంది. మా బెల్టు అలాంటిది కాదు. కుదుపు వస్తేనే పట్టుకుంటుంది, మామూలప్పుడు వదులుతూనే ఉంటుంది. ఆ వీడియోలు చూసి అరగంట బెల్టుతో కుస్తీ పట్టాను. మన కార్లకు ఆ కిటుకు పని చెయ్యదు.

చివరికి పని చేసిన వరుస ఇది. బకిల్ పెట్టాక, మామయ్య పాప కాళ్లు పెట్టే చోట రెండు అరచేతులూ ఆన్చి తన బరువంతా కిందికీ, కారు సీటు వీపు వైపుకూ వేశారు. నేను భుజం బెల్టును బకిల్ దగ్గర నుంచి పైకి లాగాను, అప్పుడే నడుము బెల్టు బిగిసింది. ఆ బిగువు చేతిలో ఉంచుకొనే మిగతా బెల్టును డొప్ప చుట్టూ తిప్పి, కొక్కెంలో వేసి, మిగిలిన వదులంతా బెల్టు బయటికొచ్చే కారు స్తంభం వైపు తోశాను. బెల్టు ఎక్కడా మెలి పడకూడదు. ఒకచోట పడింది, మళ్లీ మొదటి నుంచి. మూడోసారికి కుదిరింది.

అయినా డొప్ప పై అంచు పట్టి ఊపితే బారెడు ఊగింది. గుండె జారింది. ఆయన "ఇంత కష్టపడ్డదంతా ఇంతేనా" అన్నారు. తప్పు నాదే, పట్టుకోవాల్సింది అక్కడ కాదు. వెనక్కి తిప్పిన సీటు తల వైపు కదలడం సహజం. చూడాల్సింది బెల్టు పోయే చోట. అక్కడ ఒక చేత్తో, మరీ బలం పెట్టకుండా పట్టి ముందుకూ వెనక్కీ, పక్కలకూ కదపాలి. రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. నేను బెల్టు పక్కన చాక్‌పీసుతో గీత పెట్టి, కదిపి కొలిచాను. సెంటీమీటరున్నర. స్పాంజి కవరు ఉన్నప్పుడైతే ఇది ఎన్ని కుస్తీలు పట్టినా వచ్చేది కాదు, స్పాంజి నెమ్మదిగా అణుగుతూ బెల్టును వదులు చేస్తూనే ఉండేది.

ఇక వాలు. సీటు పక్కన ఒక గీత ఉంది, అది నేలకు సమంగా ఉండాలి. చూస్తే సమంగా లేదు, పాప మరీ నిటారుగా వచ్చేట్టుంది. తువ్వాల చుట్టి కాళ్ల వైపు అడుగున పెట్టాలా అని ఆలోచిస్తుంటే, మామయ్య వెళ్లి ఎదురు ఇల్లు కడుతున్న సుతారి దగ్గర రసమట్టం అడిగి తెచ్చారు. సీటు మీద కాదు, నేల మీద పెట్టారు. బుడగ ఒక పక్కకు పరుగెత్తింది. మా గేటు లోపల బండి ఎక్కడానికి వేసిన ర్యాంపు మీద ఉంది కారు! "ముందు బండి మట్టం గావాలె బిడ్డా, తర్వాత సీటు." కారును వీధిలో చదునుగా ఉన్న చోటికి తీసుకుపోయాం. గీత సమంగా కూర్చుంది. తువ్వాల అవసరమే పడలేదు. సుతారి కూడా వచ్చి చూసి, రసమట్టం తీసుకుపోతూ, "గోడ కన్నా మంచిగ వచ్చింది" అన్నాడు.

మార్చి 8, శనివారం

చిన్నిని కూర్చోబెట్టాను. భుజం పట్టీలు దాని భుజాల కన్నా చాలా కిందున్న రంధ్రాల్లో ఉన్నాయి, వదిన వాళ్ల బాబు చిన్నప్పటి లెక్క. వెనక్కి తిప్పినప్పుడు పట్టీలు భుజానికి సమంగా గానీ, కొద్దిగా కింద నుంచి గానీ రావాలి. ముందుకు తిప్పినప్పుడు దీనికి ఉల్టా, సమంగా గానీ పై నుంచి గానీ. రెండో వరుస రంధ్రాల్లోకి మార్చాలి. మార్చాలంటే డొప్ప వెనక ఇనుప పలక నుంచి పట్టీలు తీయాలి. డొప్ప వెనక బెల్టు చుట్టి ఉంది.

మొత్తం విప్పాను. ఆదివారం చేసిందంతా. ముందు పిల్లను కూర్చోబెట్టి పట్టీలు సరిచేసి, ఆ తర్వాత కారులోకి తేవాల్సింది. మామయ్య ఒక్క మాట అనలేదు, చొక్కా చేతులు మడిచి మళ్లీ కారులోకి దూరారు. ఈసారి ఇరవై నిమిషాల్లో అయింది.

పట్టీలు బిగించే లెక్క: ముందు నడుము దగ్గర వదులు తీసి, అప్పుడు మధ్య తాడు లాగాలి. భుజం దగ్గర పట్టీని బొటనవేలితో, చూపుడువేలితో నిలువునా గిల్లితే మడత రాకూడదు. వీడియోల్లో ఛాతీ మీద అడ్డంగా ఒక క్లిప్పు కనబడుతుంది. మా సీటుకు లేదు, ఉండాల్సిన పనీ లేదు. విడిగా అమ్మేవి కొనొద్దు.

కాళ్లు కారు సీటు వీపుకు తగులుతున్నాయి. "కాళ్లు ఇరుకైతలేవా?" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. చిన్ని బాసింపట్టు వేసుకొని, అరికాళ్లు ఒకదానికొకటి ఆన్చి హాయిగా కూర్చుంది. ఇరుకైంది కాళ్లకు కాదు, ముందు సీట్లో కూర్చునే ఆయన మోకాళ్లకు. సీటు ముందుకు జరపాల్సి వచ్చి డాష్‌బోర్డుకు తగులుతున్నాయి. అందుకని దూరం పోయేటప్పుడు ఆయన డ్రైవింగు, నేను ముందు సీటు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

మొదటి దూర ప్రయాణం, అమ్మ వాళ్లింటికి కరీంనగర్. డెబ్భై కిలోమీటర్లు. పొద్దున ఆరింటికే బయల్దేరాం, ఎండ ముదరక ముందే చేరాలని.

హసన్‌పర్తి దాకా ఏడుపు. ఎల్కతుర్తి దగ్గర ఇంకా పెద్ద ఏడుపు. ముందు సీట్లో నుంచి నాకు దాని ముఖం కనబడదు, డొప్ప వీపే కనబడుతుంది. హెడ్‌రెస్టుకు తగిలించే అద్దం కొనమన్నారు ఎవరో. గుద్దుకున్నప్పుడు అదే ఎగిరి పాప మీద పడితే? కొనలేదు. పక్కన అత్తమ్మ ఉంది, తనూ బెల్టు పెట్టుకొని, ఈ బండిలో మొదటిసారి. "దీన్ని ఎత్తుకోవద్దు గదా?" అని మూడుసార్లు అడిగింది. ఎత్తుకోవద్దు. చెయ్యి ఇచ్చింది, చిన్ని ఆ వేలు పట్టుకొని, వెనక అద్దంలో పోయే లారీలను చూస్తూ నిద్రపోయింది. తల ముందుకు వాలలేదు, పక్కకు వాలి డొప్ప అంచుకు ఆనింది.

హుజూరాబాద్‌లో ఆపి, దింపి, పది నిమిషాలు నడిపించాం. ఛాయ్ హోటల్ దగ్గర ఒకాయన కారులోకి తొంగిచూసి, "సీటు ఉల్టా పెట్టినట్టుంది మేడమ్" అన్నాడు. "లేదన్నా, సీదానే" అన్నాను. చట్టం సంగతి ఎవరూ అడగలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 194బి సెక్షన్ కింద ఉంది.

ఇల్లు చేరాక బెల్టు పోయే చోట మళ్లీ కదిపి చూశాను. రెండు సెంటీమీటర్లకు వచ్చింది, మానకొండూరు దాకా వేసిన స్పీడ్ బ్రేకర్ల పుణ్యమో ఏమో. తిరిగి బయల్దేరేముందు మళ్లీ బిగించాం.

ఏప్రిల్ 20, ఆదివారం

ఎండలొచ్చాయి. మధ్యాహ్నం కారు గంటసేపు ఎండలో ఉంటే పట్టీల బకిల్ లోహపు నాలుకలు ముట్టుకోలేకుండా ఉన్నాయి. నా వేలికి చురుక్కుమంది, చిన్ని తొడకు తగిలితే ఇంకేమన్నా ఉందా. అత్తమ్మ పాత తెల్ల ధోవతి అంచు చింపి, సీటు మొత్తం మీద కప్పేలా ఒక గుడ్డ కుట్టింది. కారు ఆపినప్పుడు కప్పడం, ఎక్కించేముందు తీసెయ్యడం. పాప కిందనో పట్టీల కిందనో మాత్రం ఏ మెత్తా, ఏ గుడ్డా పెట్టడం లేదు, పెడితే పట్టీలు వదులవుతాయి. ఎక్కించేముందు బకిల్‌ను నా చేతి వెనక భాగానికి ఆన్చి చూసుకుంటున్నాను. ఏసీ గాలి డొప్ప దాటి దానికి సరిగ్గా చేరడం లేదు. కాబట్టి ఐదు నిమిషాలు ముందే కారు నడిపి చల్లార్చడం, ఎడమ అద్దానికి నల్ల జాలి తెర. దీనికి ఇంకా మంచి మార్గం దొరకలేదు.

కారు సీటు కవర్లు అటక మీద ఉన్నాయి. ఆయన ఒకసారి, "వానాకాలం బురదకు మళ్లీ వేద్దామా" అన్నారు. మామయ్యే వద్దన్నారు.

ఈ రోజు తూకం: నేను చిన్నిని ఎత్తుకొని 68.1, ఒక్కదాన్నే 57.9. అంటే 10.2 కిలోలు. తల డొప్ప పై అంచుకు ఇంకా నాలుగు వేళ్లు కిందే ఉంది, ఒక అంగుళం మిగిలినప్పుడు ఆలోచించాలి. పదమూడు కిలోలకు ఇంకా 2.8 ఉంది. గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టాను, జూన్‌లో బడులు తెరిచాక మళ్లీ తూకం.